ఫ్యాక్టరీ టోపీ వేరు, రోడ్డు హెల్మెట్ వేరు

రాయపూర్ నగరానికి ఉత్తరంగా, బిలాస్‌పూర్ వెళ్ళే రహదారి మీద ఉన్నది భన్‌పురి. దానిని దాటి పోతే బీర్‌గావ్, ఉర్లా, సిల్తరా. అంతా ఇనుము, ఉక్కు పరిశ్రమల ప్రాంతం. షిఫ్టు మారే వేళ ఈ రహదారి పక్కన కాసేపు నిలబడితే భారీ లారీలు ఒకవైపు, వాటి సందులలోంచి దూసుకుపోయే మోటారు సైకిళ్ళు మరొకవైపు కనబడతాయి. ఆ మోటారు సైకిళ్ళ మీద వెళ్ళే సోదరులలో కొందరి తలపై పసుపుపచ్చని ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. అది కర్మాగారంలో ఇచ్చిన భద్రతా టోపీ. తలమీద ఏదో ఒకటి ఉన్నది కదా, చాలునని వారి భావన.

మూడు దశాబ్దాలుగా యంత్రాల మధ్య పనిచేస్తున్న ఇంజనీరుగా నేను మనవి చేయదలచినది ఒక్కటే. రక్షణ సాధనం ఏదైనా, అది ఏ దెబ్బను తట్టుకోవడానికి తయారైనదో ఆ దెబ్బకే పనికివస్తుంది.

కర్మాగారపు టోపీకి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2925. పైనుండి జారిపడే నట్టు, బోల్టు, ఇటుక ముక్క వంటి వాటినుండి నడినెత్తిని కాపాడడం దాని ధర్మం. లోపలి పట్టీలు సాగి ఆ దెబ్బను తల చుట్టూ పంచుతాయి. కణతలకు, తల వెనుక భాగానికి అది ఇచ్చే రక్షణ స్వల్పం. ముఖానికి అసలే లేదు. బండి మీదినుండి పడేవాడు పక్కకో, ముందుకో పడతాడు. గడ్డం కింద పట్టీ బిగించని టోపీ అతని తల నేలను తాకకముందే ఎగిరిపోతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క. బండి మీద కూర్చున్న మనిషి తల నేలకు సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉంటుంది. బండి వేగం మాట అటుంచి, అంత ఎత్తునుండి ఊరకే పడినా తల గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. అది 5 మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోతే, తలపై పడే సగటు బలం తల బరువుకు సుమారు 300 రెట్లు. 25 మిల్లీమీటర్ల దూరంలో ఆగితే సుమారు 60 రెట్లు. ఆ అదనపు 20 మిల్లీమీటర్లను ఇచ్చేది హెల్మెట్ లోపలి థర్మోకోల్ పొర. అది నలిగి దెబ్బను మింగుతుంది. ఒకసారి నలిగినది మళ్ళీ లేవదు. కనుకనే పెద్ద దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చివేయవలెను.

ఈ విజ్ఞానం ఊరకే రాలేదు. 1935లో ఇంగ్లండులో టి.ఇ. లారెన్స్ అనే ప్రసిద్ధ సైనికాధికారి మోటారు సైకిల్ మీదినుండి పడి, తలకు గాయమై మరణించాడు. ఆయనకు చికిత్స చేసిన వైద్యులలో ఒకరైన హ్యూ కెయిర్న్స్ తరువాత మోటారు సైకిలిస్టుల తల గాయాలను అధ్యయనం చేసి 1941లో ప్రచురించాడు. అదే ఏడాది బ్రిటిష్ సైన్యం విధి నిర్వహణలో ఉన్న తన మోటారు సైకిలిస్టులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. అనేక అధ్యయనాలను క్రోడీకరించిన 2008 నాటి ఒక సమీక్ష ప్రకారం, హెల్మెట్ వలన మరణ ప్రమాదం సుమారు 42 శాతం, తల గాయాల ప్రమాదం సుమారు 69 శాతం తగ్గుతాయి.

అంకెలు మనస్సుకు తాకవు. శ్రీకాకుళం వైపునుండి రైల్వే వాగన్ మరమ్మతు కర్మాగారంలో కొలువుకై వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబమొకటి మాకు పరిచయం. వారి అబ్బాయి ఫిట్టరు. కొన్నేళ్ళ క్రితం రాత్రి షిఫ్టు ముగించి వస్తూ, మలుపులో ఇసుక మీద బండి జారి పక్కకు పడ్డాడు. ఎదురుగా వాహనం లేదు, వేగమూ ఎక్కువ కాదు. పసుపు టోపీ పది గజాల అవతల చెక్కుచెదరకుండా దొరికింది. దెబ్బంతా కణతకు తగిలింది. ప్రాణం దక్కింది, కాని మైక్రోమీటరు పట్టి చకచకా కొలతలు చెప్పిన ఆ కుర్రవాడు నేటికీ మాట కోసం తడుముకుంటాడు. "టోపీ పెట్టుకునే వెళ్ళాడు కదా బాబూ!" అంటుంది వాళ్ళమ్మ నేను కనబడినప్పుడల్లా. ఆ తల్లికి ఎదురుగా చెప్పలేని సమాధానమే ఇక్కడ వ్రాస్తున్నాను.

హెల్మెట్ కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్ర, దాని పైన ఐ.ఎస్. 4151 అనే ప్రమాణ సంఖ్య, కింద లైసెన్సు సంఖ్య ఉన్నాయో లేదో చూడవలెను. ఆ లైసెన్సు నిజమైనదో కాదో బి.ఐ.ఎస్. కేర్ అనే మొబైల్ యాప్‌లో సరిచూచుకోవచ్చు. ఈ ముద్ర లేని ద్విచక్ర వాహన హెల్మెట్ల అమ్మకం 2021 జూన్ 1 నుండి నిషిద్ధం. తరువాత కొలత. కనుబొమ్మలకు రెండు సెంటీమీటర్ల పైన టేపు చుట్టి తల చుట్టుకొలత తీసుకోవలెను. పట్టీ బిగించి, హెల్మెట్ వెనుక అంచు పట్టి పైకి, ముందుకు లాగినప్పుడు అది ఊడి రాకూడదు. సగం టోపీ కంటే గడ్డాన్ని కూడా కప్పే పూర్తి హెల్మెట్ మేలు. మే నెల ఎండలో ఉక్కపోస్తుందనే మాట నిజమే; గాలి రంధ్రాలున్నవి ఎంచుకోవలెను. గమ్ఛాను మడతలుగా చుట్టి దానిపై హెల్మెట్ పెడితే బిగువు పోతుంది. పెట్రోలు, థిన్నరు వంటివి దానికి తగలనీయరాదు.

విశేషమేమంటే, కర్మాగారపు టోపీ రోడ్డుకు పనికిరాకపోయినా అక్కడి బూట్లు, మెరిసే పట్టీల చొక్కా రోడ్డు మీద కూడా మేలు చేస్తాయి. పడేవాడు ముందుగా చేతులు ఆనిస్తాడు; కనుక దళసరి చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా అవసరం. చెప్పులతో బండి నడపడం పాదాలను రోడ్డుకు అప్పగించడమే.

హెల్మెట్ కాపాడలేని చోటు కూడా ఒకటి ఉన్నది. అది మెడ. సంక్రాంతి రోజుల్లో గాలిపటాలకు కట్టే నైలాన్ మాంజా నూలు దారంలా పుటుక్కున తెగదు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. ఆ వేగంలో బిగువైన దారం కత్తి అవుతుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దానిని దేశమంతటా నిషేధించింది. అయినా 2024 జనవరిలో హైదరాబాదులో బండి మీద వెళుతున్న ఒక సైనికుడు, 2025 జనవరిలో మన రాయపూర్‌లోనే ఏడేళ్ళ బాలుడు దానికి బలి అయ్యారు. గుజరాత్‌లో పండుగ రోజులలో బండి హ్యాండిల్‌కు దారాన్ని అడ్డుకునే లోహపు కమ్మీ అమర్చుకుంటారు. మనమూ అలా చేయవచ్చు. మెడకు దళసరి నూలు గుడ్డ చుట్టి, కొసలను చొక్కా లోపలికి దోపుకోవలెను. వేలాడే కొస చక్రంలో చిక్కితే అదే ఉరితాడు అవుతుంది. వేగం తగ్గించడం అన్నిటికంటే సులభం. మన పిల్లల చేతికి నూలు దారమే ఇవ్వడం మన బాధ్యత.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ, వెనుక కూర్చున్నవారితో సహా, హెల్మెట్ తప్పనిసరి. మన ఇళ్ళలో తరచు యజమానికి ఒక హెల్మెట్ ఉంటుంది. వెనుక ఒక పక్కగా కూర్చునే ఇల్లాలికి, మధ్యలో ఒదిగే బిడ్డకు ఉండదు. నేల అందరి తలలకూ ఒకే విధంగా గట్టిది. కనుక ఇంట్లో ఎంతమంది బండి ఎక్కుతారో అన్ని హెల్మెట్లు, ఎవరి కొలతకు తగినవి వారికి, ఈ నెల జీతంలోనే కొనవలెనని సోదర ఉద్యోగులకు, వారి కుటుంబ సభ్యులకు నా విన్నపం. పసుపు టోపీని మాత్రం డ్యూటీ దిగగానే లాకరులో పెట్టి రండి.