గెలుపోటములు లేని బాట

తెల్లవారుజామున సైకిలుకు ఇరువైపులా పాలక్యాన్లు కట్టుకొని పల్లె నుంచి పట్నానికి బయలుదేరే మనిషిని తెలుగునాట చూడనివారు అరుదు. ఆయనకు తొందర లేదు, ఆలస్యమూ లేదు. ఎదురుగాలి వీచినా, చినుకులు పడినా గంటకు పన్నెండు, పదిహేను కిలోమీటర్ల చొప్పున ఆ చక్రాలు తిరుగుతూనే ఉంటాయి. ఆ వేగానికి ఎవరూ చప్పట్లు కొట్టరు. కాని అదే వేగాన్ని ఒక పగలు, ఒక రాత్రి, మళ్లీ ఒక పగలు నిలుపుకోగలిగితే మనిషి తన కాళ్ల బలంతోనే ఒక రాష్ట్రాన్ని దాటిపోగలడు. దూరాల సైకిలు యాత్ర అనే విద్య అంతా ఈ ఒక్క సత్యం మీద ఆధారపడి ఉంది.

సైకిలు క్రీడ అనగానే కళ్ల ముందు మెదిలేది పందెం. తలలు వంచి బాణాల్లా దూసుకుపోయే క్రీడాకారులు, విడి చక్రాలతో వారిని వెంబడించే కార్లు, చివర విజయవేదిక: ఇదీ ఆ దృశ్యం. దీనికి పూర్తిగా భిన్నమైన మరొక సంప్రదాయం నూరేళ్లకు పైగా ప్రవర్తిల్లుతోంది. అందులో పాల్గొనేవారు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వైద్యులు, దుకాణదారులు, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు. ఫ్రెంచి భాషలో వారిని ‘రాండొనర్లు’ అంటారు. ‘బ్రెవే’ అంటే యోగ్యతాపత్రం. ఆ పత్రం కోసం చేసే యాత్రకూ అదే పేరు స్థిరపడింది.

బ్రెవే నియమాలు సరళమైనవి. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో, 300 కిలోమీటర్లను 20 గంటల్లో, 400 కిలోమీటర్లను 27 గంటల్లో, 600 కిలోమీటర్లను 40 గంటల్లో పూర్తి చేయాలి. భాగహారం చేసి చూస్తే సగటు వేగం గంటకు ఇంచుమించు 15 కిలోమీటర్లే. అయితే భోజనం, నిద్ర, పంక్చరు, దారి తప్పడం అన్నీ ఆ గడువులోనివే. మనిషి ఆగినా గడియారం ఆగదు. దారి పొడవునా తనిఖీ కేంద్రాలు ఉంటాయి. అక్కడ కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. ప్రతి కేంద్రానికీ మూసివేసే వేళ ఉన్నట్లే తెరిచే వేళ కూడా ఉంది. గడువు మీరి వచ్చినవాని కార్డు చెల్లదు. మరీ తొందరపడి వచ్చినవాడు కేంద్రం తెరిచేదాకా కూర్చోవలసిందే. మందగమనానికి హద్దు పెట్టిన నియమాలు లోకంలో చాలా ఉన్నాయి. అతివేగానికి కూడా హద్దు పెట్టడం ఈ సంప్రదాయంలోని విశేషం. అన్నింటినీ మించి ఇందులో మొదటి స్థానం లేదు, చివరి స్థానమూ లేదు. గడువులోగా వచ్చిన ప్రతివారూ సమానులే. ర్యాంకుల నడుమ పెరిగే విద్యార్థికి ర్యాంకు లేని ఈ క్రీడ వింతగా తోచవచ్చు.

ఈ యాత్రలన్నింటికీ తలమానికమైనది పారిస్–బ్రెస్ట్–పారిస్. ఫ్రాన్సు రాజధాని ప్రాంతం నుంచి పడమటి సముద్రతీరంలోని బ్రెస్ట్ రేవుకు వెళ్లి, తిరిగి రావడం అందులోని పని. దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. 1891లో ‘లె పెతి జుర్నాల్’ పత్రికకు చెందిన పియేర్ జిఫార్ దీనిని పందెంగా ప్రారంభించాడు. గాలి నింపిన టైర్లు అప్పుడప్పుడే వాడుకలోకి వస్తున్న కాలమది. రెండువందల మందికి పైగా బయలుదేరగా, తిరిగి వచ్చినవారు సుమారు వందమంది. షార్ల్ తెరోఁ అనే వీరుడు 71 గంటల 22 నిమిషాల్లో దీనిని ముగించాడు. మానవదేహం ఇంతటి శ్రమకు తట్టుకోగలదా అని సందేహించిన వారికి అది సమాధానమయింది.

వీరుల కోసం పుట్టిన ఆ బాట సామాన్యులకు తెరుచుకోవడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. 1897లో ఇటలీ దేశీయులు కొందరు రోమ్ నుంచి నేపుల్స్ వరకు సుమారు 230 కిలోమీటర్లను సూర్యోదయాస్తమయాల నడుమ తొక్కి, తమను తాము ‘ఆడాక్స్’ అని పిలుచుకున్నారు. లాటిన్ భాషలో ఆ మాటకు సాహసి అని అర్థం. 1904లో ఆ పద్ధతి ఫ్రాన్సుకు చేరింది. మొదట అందరూ గుంపుగా, నాయకుని వెంట, ఒకే వేగంతో సాగేవారు. 1921 నుంచి ఎవరి వేగంతో వారు సాగే బ్రెవేలను ఆడాక్స్ క్లబ్ పారిజియెన్ నిర్వహించసాగింది. 1931లో పారిస్–బ్రెస్ట్–పారిస్‌లోకి సామాన్య యాత్రికులు ప్రవేశించారు. వృత్తి క్రీడాకారుల పందెం 1951తో ముగిసిపోయింది. సామాన్యుల యాత్ర మాత్రం నిలిచింది. ఇప్పుడది నాలుగేళ్లకొకసారి జరుగుతుంది. గడువు 90 గంటలు. 2023లో ఆరువేల మందికి పైగా పాల్గొన్నారు. దారిలోని ఎత్తులన్నీ కూడితే పదివేల మీటర్లు దాటుతాయి. అంటే ఎవరెస్టు శిఖరం ఎత్తుకు మించిన ఆరోహణం అన్నమాట. ఆ బాట వెంట ఉన్న పల్లెవాసులు అర్ధరాత్రివేళ కూడా ఇళ్ల ముందు బల్లలు వేసి, మంచినీళ్లు, కాఫీ, అట్లు పెట్టి, ముక్కూ మొగమూ తెలియని బాటసారులను ఆదరిస్తారు. తెలుగునాట బాటల పక్కన చలివేంద్రాలు వెలయించిన ధర్మబుద్ధి అక్కడ ఈ రూపంలో కనిపిస్తుంది.

సామాన్య సైకిలు యాత్రికులకు గురుతుల్యుడైనవాడు పాల్ ద వివీ. ‘వెలోసియో’ అనే కలంపేరుతో ప్రసిద్ధికెక్కిన ఈయన 1853లో పుట్టి 1930లో మరణించాడు. సెంటెటియెన్ నగరంలో నివసించి, సైకిలు యాత్రల కోసం పత్రిక నడిపాడు. ఎత్తులు ఎక్కడానికి గేర్లు వాడడం బలహీనుల లక్షణమని పలువురు ఎగతాళి చేసిన కాలంలో, వాటిని పట్టుదలతో సమర్థించాడు. యాత్రికులకు ఆయన కొన్ని సూత్రాలు చెప్పాడు. ఆకలి కాకముందే తినాలి, దాహం వేయకముందే తాగాలి, చలి వేయకముందే కప్పుకోవాలి, అలసట అతిగా మారేదాకా తొక్కరాదు. అన్నింటి చివర ఒక మాట చేర్చాడు: అభిమానానికి పోయి ఎన్నడూ తొక్కరాదు. మొదటి సూత్రాలన్నీ దేహానికి సంబంధించినవి, చివరిది మనసుకు సంబంధించినది. ఆచరించడానికి కష్టమైనది ఆ చివరిదే.

దేహధర్మం ఆ సూత్రాలను బలపరుస్తుంది. కండరాల్లోను, కాలేయంలోను నిల్వ ఉండే పిండిపదార్థ శక్తి కొద్ది గంటల తీవ్రశ్రమకే తరిగిపోతుంది. అప్పుడు కాళ్లు బరువెక్కుతాయి, కళ్లు తిరుగుతాయి, చిన్న గట్టు కూడా కొండగా తోస్తుంది. కొవ్వు నిల్వలు చాలినన్ని ఉన్నా, అవి నెమ్మదిగా మాత్రమే శక్తినిస్తాయి. కాబట్టి మొదటి గంటల్లో ఉత్సాహం కొద్దీ వేగం పెంచినవాడు ఆ అప్పును రాత్రివేళ వడ్డీతో సహా తీర్చుకోవలసి వస్తుంది. గంట గంటకూ కొద్దికొద్దిగా తినడం, చెమటతో పోయే ఉప్పును, నీటిని భర్తీ చేసుకోవడం దీనికి ఉపాయాలు. ఇందుకు ఖరీదైన పొడులే కావాలని లేదు. అరటిపండు, ఇడ్లీ, ఉప్పు వేసిన మజ్జిగ ఆ పని చక్కగా చేస్తాయి. నిదానమే ప్రధానమన్న పెద్దల మాటకు ఇంతకంటే చక్కని నిదర్శనం దొరకదు.

ఇటీవలి కాలంలో ఈ యాత్రకు ‘బైక్‌ప్యాకింగ్’ అనే మరొక శాఖ ఏర్పడింది. సైకిలు చట్రానికి, సీటు వెనుకకు, హ్యాండిలుకు చిన్న సంచులు బిగించి, పడక, బట్టలు, ఆహారం, మరమ్మతు సామగ్రి వాటిలో సర్దుకొని, రోజుల తరబడి సాగిపోవడం దీని స్వరూపం. పేరు కొత్తదే గాని పని కొత్తది కాదు. 1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు తమ సామాను తామే మోసుకుంటూ సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయలుదేరారు. ఎడారులను, అడవులను, కొండలను దాటి, సుమారు 71 వేల కిలోమీటర్లు తిరిగి 1928 మార్చిలో బొంబాయి చేరుకున్నవారు ముగ్గురు: ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగరా. మిగిలిన ముగ్గురూ నడుమ విరమించుకున్నారు.

ఈ శాఖలో పోటీలు కూడా ఉన్నాయి. ఇంగ్లండు దేశీయుడైన మైక్ హాల్ 2013లో ప్రారంభించిన ట్రాన్స్‌కాంటినెంటల్ రేస్ వాటిలో పేరెన్నికగన్నది. యూరపు ఖండాన్ని ఒక అంచు నుంచి మరొక అంచుకు ఎవరి సాయమూ లేకుండా దాటడం అందులోని నియమం. 2019లో నల్లసముద్ర తీరంలోని బుర్గాస్ నుంచి బ్రెస్ట్ వరకు సుమారు 4,000 కిలోమీటర్ల ఆ పోటీలో అందరికంటే ముందు వచ్చినది ఫియోనా కోల్బింగర్ అనే జర్మన్ యువతి. ఆమె కాన్సరు పరిశోధకురాలు. అప్పటికి వయసు 24 ఏళ్లు. ఆమె తీసుకున్న కాలం పది రోజుల రెండు గంటల 48 నిమిషాలు. స్త్రీ పురుషులు కలిసి పాల్గొనే ఆ పోటీలో ఒక స్త్రీ ప్రథమురాలు కావడం అదే మొదటిసారి. దూరం పెరిగేకొద్దీ కండబలం ఒక్కటే చాలదని, తిండిని, నిద్రను, మనసును పొదుపుగా నడుపుకొనే నేర్పు ముఖ్యమని ఆ విజయం లోకానికి తెలియజెప్పింది.

అయితే ఈ విద్యకు ఒక చీకటి కోణం ఉంది. రాత్రి రెండు గంటలు దాటాక దేహం నిద్ర కోసం మొరపెడుతుంది. చెట్ల నీడలు మనుషుల్లా, మైలురాళ్లు పశువుల్లా కనిపిస్తాయి. రెప్ప వాలిన ఒక్క క్షణంలో సైకిలు దారి తప్పుతుంది. ఆ క్షణంలో వెనుక లారీ ఉండవచ్చు. ప్రమాదం ఒక్కొక్కసారి ఎంతటి అనుభవజ్ఞునికైనా ఎదురవుతుంది. 2017 మార్చి 31న ఆస్ట్రేలియా ఖండాన్ని దాటే పోటీలో, తెల్లవారకముందు, కాన్‌బెర్రా సమీపంలోని రహదారి మీద కారు ఢీకొని మైక్ హాల్ కన్నుమూశాడు. ఆ పోటీని అక్కడితో నిలిపివేశారు. దూరయాత్రలో ఆయనకు సాటి వచ్చేవారు కొద్దిమందే. అంతటివానిని కూడా రహదారి మినహాయించలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. భర్తృహరి తన నీతిశతకంలో మనుషులను మూడు తెగలుగా విభజించాడు. విఘ్నభయంతో పనిని మొదలుపెట్టనే పెట్టనివారు అధములు. మొదలుపెట్టి విఘ్నం రాగానే విడిచిపెట్టేవారు మధ్యములు. ఎన్ని విఘ్నాలు తాకినా పట్టిన పనిని విడువనివారు ఉత్తములు. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన ఈ భావం తెలుగు విద్యార్థులకు సుపరిచితం. ఈ కొలబద్దతో చూస్తే, 500వ కిలోమీటరు దగ్గర నిద్ర ముంచుకొచ్చి సైకిలు దిగినవాడు మధ్యముడే అవుతాడా? బొంబాయి యువకుల్లో నడుమ విరమించిన ముగ్గురిని ఆ తెగలోనే చేర్చడం తగునా?

విఘ్నం వేరు, హెచ్చరిక వేరు. ఎదురుగాలి, వాన, పంక్చరు, ఎత్తైన కనుమ: ఇవి విఘ్నాలు. ఇవి బయటివి, ఓర్పుతో దాటదగినవి. మూతలు పడే కళ్లు, తిమ్మిరెక్కి బ్రేకు పట్టలేని చేతులు, మాట తడబడే నోరు: ఇవి హెచ్చరికలు. ఇవి లోపలివి, వినదగినవి. విఘ్నానికి లొంగినవాడు పిరికివాడు కావచ్చు. హెచ్చరికను విన్నవాడు వివేకి. ఆ రెంటినీ వేరుచేసి చూడనివ్వనిది అభిమానం. నలుగురిలో నవ్వులపాటు అవుతానన్న తలపుతో తొక్కేవాడు విఘ్నాన్ని జయించడం లేదు, హెచ్చరికను తొక్కివేస్తున్నాడు. వెలోసియో చివరి సూత్రంలోని అంతరార్థం ఇదే. పట్టిన పని ఆ ఒక్క రాత్రి గమ్యం చేరడం కాదు. బతికి ఇంటికి చేరి, మళ్లీ సైకిలెక్కడం. ఆ విధంగా చూస్తే భర్తృహరి చెప్పిన ఉత్తమునికీ, బాట పక్కన ఆగి పడుకున్న యాత్రికునికీ విరోధం లేదు.

నేడు హైదరాబాదుతో సహా భారతదేశంలోని అనేక నగరాల్లో బ్రెవేలు జరుగుతున్నాయి. ఇంకా చీకటి ఉండగానే మెరిసే చొక్కాలు తొడుక్కొని, ముందు వెనుకల దీపాలు వెలిగించుకొని, గృహిణులు, ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు బయలుదేరుతారు. ఒకే సంవత్సరంలో 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు నాలుగూ పూర్తి చేసినవారికి ‘సూపర్ రాండొనర్’ అని పేరు. 2019, 2023 సంవత్సరాల్లో భారతదేశం నుంచి వందలమంది పారిస్‌కు తరలివెళ్లారు. వారిలో గడువులోగా ముగించినవారు ఉన్నారు, నడుమ విరమించినవారూ ఉన్నారు. విరమించినవారిలో పలువురు ఇంటికి చేరి, సైకిలు తుడిచి, మరుసటి ఆదివారం మళ్లీ బయలుదేరే ఉంటారు.

గడువు ముగియడానికి కొద్ది నిమిషాల ముందు, చివరి కేంద్రానికి ఒక వృద్ధుడు చేరుకుంటాడనుకుందాం. ఆయన కంటే గంటల ముందే వచ్చిన యువకుడు అప్పటికే నిద్రపోతూ ఉంటాడు. బల్ల దగ్గర కూర్చున్న కార్యకర్త ఆ వృద్ధుని కార్డు అందుకొని, యువకుని కార్డు మీద వేసిన ముద్రనే దాని మీద కూడా వేస్తాడు. అదే ముద్ర, అదే సిరా. ఆ వేళకు ఎక్కడో ఒక తెలుగు పల్లెలో పాలమనిషి తన ఖాళీ క్యాన్లతో ఇంటిదారి పట్టి ఉంటాడు.