వాటం

బాత్రూమ్ నేల బాగుచేయించాలంటే అందరం "లెవల్ చేయించాలి" అంటాం. నిజానికి అక్కడ సరిగ్గా లెవల్‌గా ఉన్న నేలంత పనికిరానిది ఇంకోటి లేదు. నీళ్ళు ఎటూ పోవు. కావలసింది వాటం. ఎడమచేతి వాటం, గాలివాటం అనడమే తప్ప విడిగా ఆ మాట నా వాడుకలో లేదు. తాపీ మేస్త్రీలకి అది గంటకోసారి కావాలి.

అశోక్‌నగర్‌లో మాది పాత ఫ్లాటు, షాబాద్ బండల నేల. ఒక మూల కుంగి, జాలీలోకి పోవలసిన నీళ్ళు సరిగ్గా నాన్న పీట వేసుకునే చోట నిలిచేవి. ఆయనకి డెబ్భై రెండేళ్ళు. రెండుసార్లు జారారు. గోడకి పట్టుకునే కడ్డీ బిగిద్దామంటే "నేనేమన్నా పేషెంటునా?" అన్నారు. నేల మార్చడానికి మాత్రం వెంటనే ఒప్పుకున్నారు. తప్పు నేలదైతే ఆయనకి అభ్యంతరం లేదు.

పాత బండల మీదే టైల్స్ వేసేస్తే రెండ్రోజుల పని అన్నాడు మొదట వచ్చినతను. లెక్క చూశాను. హాలు కన్నా బాత్రూమ్ అంగుళంన్నరే పల్లం. మాలు, టైలు కలిస్తే ఆ తేడా కాస్తా పోయి నీళ్ళు హాల్లోకొస్తాయి. గడప లేపితే నాన్న కాలికి తగులుతుంది. కాబట్టి పగలగొట్టడమే. నేలమట్టం చేయడమంటే కూల్చడమని మన భాషకి ముందే తెలుసు!

రెండో మేస్త్రీది పాలమూరు. రసమట్టం తీస్తాడనుకున్నాను (పేరులోనే రసం, లోపల ఉండేది స్పిరిట్, ఒక బుడగ). తీసింది సన్నటి ప్లాస్టిక్ పైపు. నీళ్ళు నింపి ఒక కొస నన్ను పట్టుకోమన్నాడు. రెండు కొసల్లో నీళ్ళు నిలబడ్డ ఎత్తులో గోడలకి గుర్తులు పెట్టాడు. అక్కణ్ణించి కిందికి కొలిస్తే పీట మూల జాలీ కన్నా అర అంగుళం కిందికుంది!

"లెవల్ గోడ మీద గుర్తుకు సార్. నేలకు వాటం గావాలె."

జాలీ నుంచి దూరపు మూలకి ఆరడుగులు, అంటే 72 అంగుళాలు. 80కి 1 చొప్పున వాటమిస్తే అంగుళానికి కాస్త తక్కువ. మరీ ఎక్కువిస్తే పీట వాలుతుంది, మరీ తగ్గిస్తే సబ్బునీళ్ళు ఆగుతాయి. పెద్ద టైలు నాలుగు వైపుల నుంచీ జాలీ వైపు వంగదు, ఐమూలగా కోయాలి. అందుకే నారాయణగూడ షాపతను రెండడుగుల నిగనిగలాడేవి ఎంత పొగిడినా అడుగు చదరం గరుకువే తెచ్చాం.

వాటర్‌ప్రూఫింగ్ పూసి, ఆరాక, జాలీ గొట్టానికి గుడ్డలు కుక్కి ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టాం. కిందింటి ఆంటీ తమ సీలింగ్ చూసి "ఏం కారట్లేదు బాబూ" అన్నాకే మేస్త్రీ మాలు కలిపాడు.

ఆ వారమంతా నాన్న స్నానానికి నారాయణగూడలో పిన్ని వాళ్ళింటికి వెళ్ళొచ్చారు. సుత్తి మోత భరించలేక నేను చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోయాను, తాపీ ధర్మారావు ఆత్మకథ మళ్ళీ చదువుదామని. ఇంటిపేరు తాపీ, పుస్తకం పేరు 'రాళ్ళూ రప్పలూ'. ఇంతకన్నా సందర్భం దొరుకుతుందా? గ్రూప్స్‌కి చదివే పిల్లల మధ్య కుర్చీ మాత్రం దొరకలేదు.

చివరి రోజు మేస్త్రీ దూరపు మూలన చెంబుడు నీళ్ళు పోశాడు. తొందరేం లేకుండా జాలీ దాకా వెళ్ళాయి. నాన్న ఇంకో చెంబు తనే పోసి చూసుకున్నారు. కడ్డీ మాట నేను ఎత్తలేదు. పీట పక్క గోడకి కొత్త టైల్స్ వేసేటప్పుడు మాత్రం, ఆయన ఇంట్లో లేనప్పుడు, రెండు చోట్ల వెనక ఖాళీ లేకుండా మాలు గట్టిగా నింపించాను. ఆ రెండు టైల్స్ ఏవో ఫోటో తీసి పెట్టుకున్నాను.