వాఙ్మూలంలోని తెలుగు: నెల్లూరు తీరపు ఒక కోర్టు కాగితం

1801లో ఆర్కాటు నవాబు నుండి నెల్లూరు సీమ కుంపిణీ పాలనలోకి వచ్చింది. మరుసటి ఏటి రెగ్యులేషన్లతో మద్రాసు రాజధానిలో జిల్లా న్యాయస్థానాల వ్యవస్థ ఏర్పడింది. 1816లో జిల్లా మునసబులు వచ్చారు. నాటి నుండి పులికాటు మొదలుకొని రామాయపట్నం దాకా తీరవాసుల తగవులు కాగితాలకెక్కుతూ వచ్చాయి. చరిత్రకారులు వాటిలో భూమిహక్కులను, వారసత్వాలను వెదుకుతారు. తెలుగు అధ్యాపకునిగా నేను వెదికేది వాక్యాన్ని.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 18వ ఆర్డరు, 5వ నిబంధన ఈ వాక్యానికి మూలం. అప్పీలుకు వీలున్న వ్యాజ్యాలలో సాక్ష్యాన్ని న్యాయస్థాన భాషలో, సాధారణంగా ప్రశ్నోత్తరాలుగా కాక కథనరూపంలో వ్రాయాలని, ముగిసిన తరువాత సాక్షికి చదివి వినిపించాలని అది విధించింది. వకీలు అడిగిన ప్రశ్న తొలగిపోయి, సాక్షి తనంత తానే చెప్పుకుపోతున్నట్లు ఒక ఉత్తమపురుష కథనం మిగులుతుంది.

మా ఇంట అటువంటి నకలు ఒకటి ఉన్నది. సముద్రపు ఒడ్డునున్న మా ఊరిలో ఒక గెనిమ విషయమై నడిచిన దావాలో మా అవ్వ చెప్పిన సాక్ష్యమది. ఆమెకు చదువు రాదు; చివర ఆమె నిశాని మాత్రమే ఉన్నది. ‘కయ్య’, ‘గెనిమ’, ‘పెనిమిటి’ ఆమె మాటలు. ‘ఉండెను’, ‘ఎరుగుదును’ వంటి క్రియాంతాలు వ్రాసిన గుమాస్తావి. ‘దావా’, ‘ముద్దాయి’ కచేరీవి. ఈ మూడవ రకం మాటలను సి.పి. బ్రౌన్ 1852 నాటి జిల్లా నిఘంటువులోను, 1854 నాటి మిశ్రభాషా నిఘంటువులోను శ్రద్ధగా కూర్చాడు. ఆ మాటల పక్కనే నిలిచిన సాక్షి పలుకు మాత్రం ఇంకా సంకలనానికి నోచుకోలేదు.

అడ్డసవాలు భాగంలో ‘అనుట నిజము కాదు’ అన్న ముగింపు వరుసగా వస్తుంది. ప్రతి నిరాకరణ వెనుక ఒక ప్రశ్న దాగి ఉంటుంది. పెనిమిటి తనను వదలివేశాడన్నది నిజం కాదని మా అవ్వ ఒకచోట అన్నది. గట్టు తగవులో, నిండు కోర్టులో, ఒక వితంతువును అడిగిన ప్రశ్న అది. మా ఇంట ఎవరూ ఎన్నడూ ఆ మాట ఎత్తగా నేను వినలేదు.

తీర్పు ఇంగ్లీషులో ఉన్నది. అందులో ఆమె ప్రతివాది పక్షపు మూడవ సాక్షి. కయ్య ‘ప్లాటు’ అయింది. న్యాయస్థానపు రికార్డులను ఎంతకాలం ఉంచాలో, ఎప్పుడు తీసివేయాలో నియమాలు చేసే అధికారాన్ని 1917 నాటి చట్టం హైకోర్టులకిచ్చింది. ఆ ఏర్పాటులో తీర్పుకు, డిక్రీకి ఉన్న ఆయుర్దాయం వాఙ్మూలానికి ఉండదు. న్యాయపాలనకు ఇది సహేతుకమే కావచ్చు. భాషాచరిత్రకు మాత్రం ఇందువల్ల ఇంగ్లీషు సారాంశం నిలిచి, తెలుగు మూలం పోతుంది.

కనుక తెలుగు శాఖలు తమ తమ జిల్లాలలో మిగిలిన పాత వాఙ్మూలాలను, ఇళ్లలోని నకళ్లతో సహా, న్యాయస్థానాల అనుమతితో ప్రతిరూపాలు తీసి భద్రపరచాలి. వ్యక్తుల పేర్లను మరుగుపరచి పరిష్కరించవచ్చు. ఆ పరిష్కరణలో గుమాస్తా క్రియలను నేటి వాడుకకు మార్చరాదు, సాక్షి మాటలను దిద్దరాదు. ‘అనుట నిజము కాదు’ అన్న ప్రతిచోటా అడిగి ఉండదగిన ప్రశ్నను అధోజ్ఞాపికలో, ఊహ అని స్పష్టంగా చెబుతూ, చేర్చాలి. అప్పుడే చదువు రాని మనిషి ఏమి చెప్పిందన్నదే గాక, దేనికి జవాబు చెప్పవలసి వచ్చిందో కూడా పాఠకునికి తెలుస్తుంది.