లకోటా కొలతలు

సంక్రాంతి సమీపించుచుండగా రంగు అట్టలు, జిగురు సీసాలు, కత్తెరలు, చమ్కీలు ముందు పోసికొని, హరిదాసు తలపై అక్షయపాత్రనో, గొబ్బెమ్మల చుట్టు ముగ్గునో స్వహస్తములతో తీర్చి ఆత్మీయులకు పంపదలచు పిల్లలును, పిల్లలకంటె అధికోత్సాహముగల పెద్దలును మన ఇండ్లలో నింకను కలరు. వారి శ్రద్ధ యంతయు కార్డుమీదనే వ్యయమగును. అది పూర్తియై, జిగురు ఆరి, చూచినవారెల్ల మెచ్చుకొనిన పిమ్మటగాని కవరు మాట జ్ఞప్తికి రాదు. అప్పుడు అంగడికి పరుగెత్తి, పొడుగు కవరులో వెడల్పు పట్టక, వెడల్పు కవరులో కార్డు అటునిటు జారుచుండ, తుదకు అంచులనే కత్తిరించి హరిదాసుని తంబురను సగము పోగొట్టుదురు. కొలతలు తీయకమున్నే రవికె కుట్టు దర్జీ నెవరును మెచ్చరు గదా! కవరును ముందు నిశ్చయించుకొని, దానికి లోబడి కార్డును కల్పించుటయే మేలని నా మతము.

అంగడిలో దొరకు కాగితముల కొలతల కొక చక్కని లెక్క కలదు. మనము నిత్యము వాడు ఏ-ఫోరు కాగితము 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు గలది. దానిని సగమునకు మడిచిన ఏ-ఫైవు, మరల మడిచిన ఏ-సిక్సు. ఎన్ని మడతలు పెట్టినను పొడవు వెడల్పుల నిష్పత్తి చెడదు. ఈ సొగసును లిఖ్టెన్‌బెర్గ్ అను జర్మను పండితుడు 1786లోనే ఒక లేఖలో ప్రస్తావించెను. 1922లో జర్మనీ దానిని ప్రమాణముగా గైకొనెను. ఈ వరుసకు తోడుగా కవరులకు సీ వరుస ఏర్పడినది. ఏ-సిక్సు కార్డు 105కు 148 మిల్లీమీటర్లు. సీ-సిక్సు కవరు 114కు 162. పల్చని కార్డునకు ఈ ఖాళీ ధారాళము. పూసలంటించి ఉబ్బిన కార్డునకు చాలీచాలనిది.

అసలు చిక్కు కొలతలో కంటె తూకములో నున్నది. మన తపాలాలో ఉత్తరపు రుసుము 20 గ్రాములకొక మెట్టుగా పెరుగును. ఏ-ఫోరు కాగితము చదరపు మీటరులో ఇంచుమించు పదునారవ వంతు గనుక, 240 జీఎస్ఎమ్ (అనగా చదరపు మీటరునకు 240 గ్రాములు తూగు) అట్టతో ఏ-ఫోరు ముక్కను మడిచి పెద్ద కార్డు చేసినచో దాని బరువు 15 గ్రాములు. దానికి వలసిన సీ-ఫైవు కవరు మరి ఆరేడు గ్రాములు తూగును. ఒక్క చమ్కీయైన నంటింపకమునుపే మెట్టు దాటినది. అదే యట్టలో సగము ముక్కను మడిచి చిన్న కార్డు చేసినచో ఏడున్నర గ్రాములు, కవరుతో కూడ పదునొకండు. పూసలకును, జరీదారమునకును ఇంచుమించు తొమ్మిది గ్రాముల స్వాతంత్ర్యము మిగులును. పెద్ద కార్డు పంపినవారి యాడంబరమును చాటునేమో గాని, అలంకరించుటకు చోటిచ్చునది చిన్న కార్డే. తక్కువ బిళ్ల లంటించినచో లోటునకు రెండింతలు అందుకొనువారినుండి రాబట్టుట తపాలావారి చిరకాలపు ఆచారము. పండుగ శుభాకాంక్షలకు జరిమానా కట్టి తీసికొను పెదనాన్నగారి ముఖమును తలచుకొనినచో తూకము విలువ తెలియును. కవరు బరువు కూడ లెక్కింతురేమని విసుగుకొనువారు ఒక్కటి యెరుగవలెను: 1840కి పూర్వము బ్రిటనులో కాగితముల సంఖ్యను బట్టి రుసుము విధించుటచే, కవరు వేసినచో మరియొక కాగితముగా లెక్కపడెడిది, అందుచే జనులు ఉత్తరమునే మడిచి లక్కముద్ర వేసెడివారు.

కార్డుపై కుందనముగాని, అద్దపు బిళ్లగాని యున్నచో దానిని కవరులో నుంచు తీరు కూడ ముఖ్యమే. చిరునామా వైపున తేదీముద్ర ఠపీమని పడును. కనుక బొమ్మను కవరు మూత వైపునకు త్రిప్పి పెట్టినచో, మడతలోని రెండు పొరల అట్టయు ఆ దెబ్బను కాచుకొనును.

అమెరికాలోని తెలుగువారికి వేరొక తంటా కలదు. అక్కడి దుకాణములో ఏ-సెవెన్ అని యడిగిన 5¼కు 7¼ అంగుళముల కవరు నిత్తురు. మన వరుసలో ఏ-సెవెన్ అనునది 74కు 105 మిల్లీమీటర్ల చీటీ మాత్రమే. ముగ్గు అందముగా అమరునని నలుచదరపు కవరు నెన్నుకొనినచో అక్కడి తపాలావారు అదనపు రుసుము గైకొందురు. ఏ వైపు పొడుగో తెలియక ఉత్తరములను వేరుచేయు యంత్రము తికమకపడునట!

అంగడి కవరులేవియు నచ్చనివారు ఏ-ఫోరు కాగితమునుండి 210 మిల్లీమీటర్ల చతురస్రమును కత్తిరించి, ఏ-సిక్సు కార్డును దాని కర్ణమువెంట నడుమ నుంచి, నాలుగు మూలలను లోనికి మడిచి మూడింటి నంటించినచో చక్కని కవరు సిద్ధమగును. నాలుగవ మూల మూతయగును. మిగిలిన 87 మిల్లీమీటర్ల పట్టీని పారవేయక బొమ్మపై కప్పినచో చమ్కీ రాలదు. కాగితము ముదురురంగుదైనచో మాత్రము చిరునామాను, ఆరంకెల పిన్‌కోడును తెల్లని చీటీపై నల్లసిరాతో వ్రాసి పైన నంటింపవలయును. కుంకుమరంగుపై నీలిసిరా వ్రాతను చదువుట ఏ పోస్టుమానునకును తరముగాదు.