జవాబుల వెనక జవాబు

ముందు నాలుగు ప్రశ్నలు. 2023 ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువం వైపు దిగిన మన ల్యాండర్ పేరేమిటి? 2002లో ఇంగ్లండు మీద ట్రెంట్ బ్రిడ్జ్ టెస్టులో వికెట్ల వెనక నిలబడి, టెస్టు క్రికెట్లో అందరికంటే చిన్నవయసు కీపరనిపించుకున్న 17 ఏళ్ల కుర్రాడెవరు? ప్రపంచ ఆరోగ్య సంస్థకు మొట్టమొదటి ముఖ్య శాస్త్రవేత్తగా పనిచేసిన మన దేశపు డాక్టరమ్మ ఎవరు? ‘మాయాబజార్’ సినిమా తీసిన సంస్థ ఏది?

విక్రమ్, పార్థివ్ పటేల్, సౌమ్యా స్వామినాథన్, విజయా వారు. ఒక్కో ప్రశ్న ఒక్కో లోకానిది. ఇస్రో కబుర్లన్నీ తెలిసినవాడికి క్రికెట్ పట్టకపోవచ్చు, పాత సినిమాల మీద ప్రాణం పెట్టేవారికి ఆరోగ్య సంస్థలో ఎవరున్నారో తెలియకపోవచ్చు. ఇక్కడితో ఆగిపోతే ఇవి పోటీ పరీక్షల బిట్ బ్యాంకులో నాలుగు బిట్లు, అంతే. కానీ ఇంకొకటి అడుగుతాను. పూరీ జగన్నాథుడు నీలమాధవుడిగా అడవిలో ఉన్న రోజుల్లో ఆయన్ని రహస్యంగా పూజించుకున్న శబర నాయకుడి పేరేమిటి?

విశ్వావసు. 2025 ఉగాది నాడు పంచాంగ శ్రవణం విన్నవారెవరైనా ఈ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. ఆగి వెనక్కి వెళ్తారు. చివర ఉన్న పొల్లునీ దీర్ఘాన్నీ పక్కనపెట్టి మళ్లీ చదువుతారు: విక్రమ, పార్థివ, సౌమ్య, విజయ, విశ్వావసు. అన్నీ ప్రభవ నుంచి అక్షయ దాకా ఉన్న అరవై సంవత్సరాల పేర్లే.

ఆ వెనక్కి వెళ్లే క్షణమంటే నాకు ఎంతో ఇష్టం. మామూలు ప్రశ్నలో తెలిసింది చెప్పేస్తే పని అయిపోతుంది, ఆ జవాబు మళ్లీ అవసరం రాదు. ఈ రకం ప్రశ్నల్లో చెప్పేసిన జవాబు కూడా చేతిలోనే ఉంటుంది. ఐదోది తెలిశాక మొదటిది కొత్తగా కనిపిస్తుంది. విక్రమ్ సారాభాయ్ పేరు పెట్టుకున్న యంత్రానికీ, పెద్ద బాలశిక్షలో పిల్లలు వల్లెవేసిన పేరుకీ మధ్య దారి పడుతుంది. అలా దారి పడిన విషయాన్ని మనసు వదిలిపెట్టదు.

ఇది మనకు కొత్త ఆట కాదు. మన చాటువుల్లో ఒక సీసపద్యం ఉంది. అందులో వరసగా ఎనిమిది ప్రశ్నలు. రాముడు ఎవరిని వెంటబెట్టుకుని రావణుణ్ణి చంపాడు, నిమ్మపండులో విత్తనాన్ని ఏమంటారు, రంభ కొప్పులో ఏ దండ ఉంది, సభను నవ్వించేవాడెవడు, సీత పెళ్లికి పందెంగా పెట్టిన విల్లు ఎవరిది, కృష్ణుడు ఎవరింట పెరిగాడు, ఇలా సాగుతుంది. కోతులతో, గింజ, పూలదండ, విదూషకుడు, శివుడి విల్లు, నందుడి ఇల్లు అంటే ఒక్కటీ తప్పు కాదు. కానీ ఒక్కటీ చెల్లదు. ఎందుకంటే పద్యం చివర ఒక షరతు ఉంది: ప్రతి జవాబూ ఐదక్షరాలే కావాలి, ఎటునుంచి చదివినా ఒకేలా ఉండాలి. అప్పుడు కోతులతో కాదు, ‘తోకమూకతో’. నిమ్మ గింజ కాదు, ‘జంబీర బీజం’. పూలదండ ‘మందార దామం’ అవుతుంది, శివుడి విల్లు ‘పంచాస్య చాపం’ అవుతుంది, నందుడి ఇల్లు ‘నంద సదనం’ అవుతుంది. నవ్వించేవాడు వికటకవి.

ఈ పద్యం గొప్పతనం నాకు చాలా కాలానికి గానీ పూర్తిగా అందలేదు. ఇందులో అడిగిన విషయాలన్నీ ఊళ్లో చదువురానివారికి కూడా తెలిసినవే. రామాయణం, భాగవతం, నిమ్మకాయ! తెలియడం ఇక్కడ పరీక్ష కానే కాదు. తెలిసినదానికి సరైన రూపం వెతకడం పరీక్ష. ‘జంబీర బీజం’ అనే జవాబు ఏ విజ్ఞాన సర్వస్వంలో వెతికినా దొరకదు. ముడి చేతికిచ్చి, ఆ ముడిలో పట్టే మాటను నువ్వే తయారు చేసుకో అంటాడు కవి. ఈ రకం ప్రశ్నల్లో ఇంతకంటే మంచిదాన్ని నేను ఇంకా చూడలేదు.

ఇప్పటి క్విజ్ లోకంలో దీన్ని ‘కనెక్ట్’ అంటారు. 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ నడిపిన పోటీతో మన దేశంలో బహిరంగ క్విజ్‌లు ఊపందుకున్నాయి. 1972లో హైదరాబాదులో కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్ మొదలైంది. బ్రిటన్‌లో 2008 నుంచి బీబీసీలో వస్తున్న ‘ఓన్లీ కనెక్ట్’ కార్యక్రమమంతా ముడులు విప్పడమే. అందులో ఒక గోడ మీద పదహారు మాటలు పెట్టి, నాలుగేసి చొప్పున నాలుగు జట్లు చేయమంటారు. కొన్ని మాటలు రెండు మూడు జట్లలోకి వస్తామన్నట్టే కనిపిస్తాయి. అసలు చోటు మాత్రం ఒక్కటే.

ముడి వల్ల ఇంకో మేలు కూడా ఉంది. దాన్ని నేను ఒక పెళ్లి విడిదింట్లో చూశాను. రాత్రి భోజనాలయ్యాక పిల్లలు క్విజ్ పెట్టమన్నారు. బుద్ధుణ్ణి చివరిదాకా వెన్నంటి ఉన్న శిష్యుడెవరని అడిగాను. మా పెద్దమ్మ మనవడు గ్రూప్స్‌కి చదువుతున్నాడు, వాడు వెంటనే ‘ఆనందుడు’ అన్నాడు. విశాఖదత్తుడి నాటకంలో, చాణక్యుడు ఎలాగైనా తన వైపు తిప్పుకోవాలని చూసిన నందుల మంత్రి ఎవరంటే, అదీ వాడే చెప్పాడు: ‘రాక్షసుడు’. వంట బాగా కుదిరితే భీముడితో పాటు ఎవరి పేరెత్తుతాం అంటే అందరూ ఒక్కసారే ‘నలుడు’ అని అరిచారు. నాలుగోది, లఘువుల్నీ గురువుల్నీ లెక్కగట్టి ఛందస్సుకు శాస్త్రం రాసిన ప్రాచీనుడెవరు అన్నాను. ఎవరూ మాట్లాడలేదు.

మా పెద్దమ్మ ఓ పక్కన మర్నాటికి పూలు కడుతోంది. తలెత్తకుండానే “పింగళ” అంది.

“ఛందస్సు నువ్వెప్పుడు చదివావు పెద్దమ్మా?” అన్నాను.

“ఛందస్సేమిట్రా? ఆనంద, రాక్షస, నల అయ్యాక పింగళ కాక ఇంకేమొస్తుంది? ఇందాకటి నుంచీ సంవత్సరాలు చదువుతున్నావు కదా!”

ఆ నాలుగు పేర్లూ అరవైలో 48 నుంచి 51 దాకా వరసన వస్తాయి. నేను కావాలనే అలా పేర్చాను, కానీ దాన్ని పట్టుకునేది క్విజ్‌లకి తిరిగే కుర్రాళ్లలో ఎవరో ఒకరనుకున్నాను. పింగళుడెవరో తెలియని మనిషి ఆ ప్రశ్నకు తిరుగులేని జవాబు చెప్పింది. ఊహ కాదు, గాలిలో రాయి అంతకంటే కాదు. తనకు తెలిసినదాని మీద నిలబడి, తెలియనిదాన్ని అందుకుంది. చదువు మధ్యలో ఆగిపోయినవారికి మామూలు జీకే ప్రశ్న చోటివ్వదు. ముడి ఉన్న ప్రశ్న ఇస్తుంది. అందుకే ఈ రకం ప్రశ్నలు ఇళ్లలోకీ బళ్లలోకీ ఎక్కువగా రావాలని నా కోరిక.

తర్వాత పిల్లలు పింగళుడు ఎవరని అడిగారు. రెండే గుర్తులు, లఘువూ గురువూ. వాటిని మూడు చోట్ల పెడితే ఎనిమిది రకాలే వస్తాయి, అవే మనం బళ్లో నేర్చుకునే య, మ, త, ర, జ, భ, న, స గణాలు. ఇలాంటి కూర్పుల లెక్కను వెనకటికే శాస్త్రంగా కట్టినవాడు ఆయన. కంప్యూటర్లు సున్నా, ఒకటి అనే రెండే గుర్తులతో పనిచేస్తాయని తెలిసిన పిల్లలకి ఇది విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ పైన ఆట నా చేయి దాటిపోయింది. “మరి నాదే సంవత్సరం?” అని ఒక్కొక్కరే మొదలుపెట్టారు. పెద్దమ్మ తారణలో పుట్టింది, అంటే 1944లో. మా అమ్మ వ్యయలో, 1946. గ్రూప్స్ చదివే మనవడు 2004లో పుట్టాడు. లెక్కేస్తే వాడిదీ తారణే, సరిగ్గా ఒక చుట్టు తేడా. వాడు లేచి వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

ఆ అరవైకి వెనక ఆకాశంలో కారణముంది. బృహస్పతి సూర్యుణ్ణి చుట్టి రావడానికి సుమారు 12 ఏళ్లు పడుతుంది, శనికి సుమారు 30. రెండూ దాదాపు బయల్దేరిన చోటికే మళ్లీ చేరేది అరవై ఏళ్లకి. షష్టిపూర్తి చేసుకునేది ఆ చుట్టు పూర్తయినందుకే. ఆ రాత్రి మనవడు తన బిట్లలోంచి తేదీలు తీస్తూ పోయాడు, పెద్దమ్మ పేర్లు పెడుతూ పోయింది. స్వాతంత్ర్యం వచ్చిన 1947 సర్వజిత్తు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956 దుర్ముఖి. తెలంగాణ వచ్చిన 2014 జయ. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టినప్పుడు నడుస్తున్నది రాక్షస. వాడికి ఆ తేదీలన్నీ ముందే వచ్చు. ఆవిడకి ఆ పేర్లన్నీ ముందే వచ్చు. రెండూ ఒకదానికొకటి తగలడం మాత్రం అప్పుడే.

ఇలాంటి ముడి వేయడం తేలిక కాదు. అరవై పేర్లున్నా అన్నీ పనికిరావు. రుధిరోద్గారి అన్న మాట ఒక్కసారి వినబడితే గుట్టు బయటపడిపోతుంది, ఆ పేరు ఇంకెక్కడా వినం మరి. ప్రమాదీచకి ప్రశ్న దొరకదు. జయ, విజయ కలిసి వస్తే వైకుంఠ ద్వారం దగ్గరికి పోతాం. అన్నిటికంటే నల నాకు ఎక్కువ ఆలోచన తెచ్చిపెట్టింది. దమయంతి భర్తగా అడగొచ్చు, వంటవాడిగా అడగొచ్చు, లంకకు వారధి కట్టిన వానరుడిగానూ అడగొచ్చు. కానీ వానరుణ్ణి అడిగి, వెంటనే జనస్థానంలో రాముడు చంపిన ఖరుణ్ణీ, వాలి చేతిలో చచ్చిన దుందుభినీ అడిగితే ఎవరైనా ‘రామాయణ పాత్రలు’ అంటారు. ఖర, నల, దుందుభి మూడూ సంవత్సరాల పేర్లేనని మనం అనొచ్చు. అయినా వాళ్లన్నదీ నిజమే. అలాంటప్పుడు మార్కు వాళ్లకే ఇవ్వాలి. ముడికి రెండు విప్పులు మిగిలితే బాధ్యత వేసినవాడిదే. ‘నేననుకున్నది అది కాదు’ అని నిజమైన జవాబును కొట్టేసేవారిని చూశాను, నాకు మనసు కష్టంగా ఉంటుంది.

మరీ వదులైన ముడులూ ఉంటాయి. జవాబులన్నీ మనుషుల పేర్లే, అన్నీ మూడక్షరాలే అంటే అది కలపడం కాదు. దానివల్ల ఏ జవాబూ కొత్తగా కనిపించదు. చాటువు పెట్టిన షరతు అక్షరాల గురించే అయినా అది జవాబును మార్చేస్తుంది, గింజని జంబీర బీజం చేస్తుంది. ముడి మంచిదో కాదో నేను చూసుకునే కొలత ఇదే.

చివరగా ఇంకో నాలుగు, వీటికి జవాబులు నేను చెప్పను. 1980 జూలైలో శ్రీహరికోట నుంచి ఎస్సెల్వీ-3 మోసుకెళ్లి కక్ష్యలో పెట్టిన ఉపగ్రహం పేరు? బలరాముడి భార్య? విరాటుడి కూతురు, అభిమన్యుణ్ణి పెళ్లాడిన అమ్మాయి? 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిన తీరం ఏ నగరానిది, పొట్టిపేరుతో? మొదటి మూడు జవాబులూ రాయగానే మహాభారతం మీ చేయి పట్టుకుంటుంది, మొదటి పేరు బలరాముడి తల్లిది కూడా కాబట్టి ఇంకాస్త గట్టిగా. నాలుగోది ఆ ఇంట్లో ఇమడదు. అయినా అక్కడ అది తప్పుగా పడలేదు. ఆ నాలుగూ చోటు చేసుకుని కూర్చునే వరస ఇంకొకటుంది, అందులో మొత్తం ఇరవై ఏడు పేర్లు. మీ ఇంట్లో ఎవరికో ఒకరికి అవి ఆగకుండా వచ్చే ఉంటాయి. వాళ్లనే అడగండి.