బెండకాయ తుంచి చూస్తాం... మరి టైరో?

బెండకాయ కొన తుంచి చూడందే బుట్టలో వెయ్యం. మరి ఇంటిల్లిపాదీ ఎక్కే కారు టైర్లని ఎప్పుడైనా చూశారా? నేనూ చూడలేదండీ!

2021 మే నెలలో కేంద్ర ప్రభుత్వం టైర్లకు కొత్త ప్రమాణాలు పెడతామని ముసాయిదా విడుదల చేసింది. తడిరోడ్డు మీద పట్టు ఎంతుండాలి, చప్పుడు ఎంత మించకూడదు, పెట్రోలు వృథా కాకుండా ఎంత తేలిగ్గా దొర్లాలి... ఇవీ అందులోని సంగతులు. మా వీధిలో టాక్సీ నడిపే అబ్బాయి, "కరోనాతో బేరాల్లేక చస్తుంటే, టైర్ల రేట్లు పెంచడానికి ఇదో వంక పిన్నిగారూ!" అన్నాడు. మావారూ వంత పాడారు. నెల ఖర్చులు చూసుకునే నేనూ "నిజమే" అన్నాను.

ఆ వానాకాలంలోనే మా కారు, బ్రేకు వేసినా ఆగక, జర్రున జారి డివైడర్‌కి జానెడు దూరంలో ఆగింది. వెనక సీట్లో పాప! నా గుండె ఆగినంత పనైంది. తర్వాత మెకానిక్ చూపించాడు. టైరు గాడుల్లో అక్కడక్కడా చిన్న గట్లుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు. ఇక మార్చాల్సిందే. మావి ఎప్పుడో సమానమైపోయాయి!

ఆ నిబంధనలు కొత్త డిజైన్ టైర్లకు 2022 అక్టోబరు 1 నుంచి అమల్లోకొచ్చాయి. నేనిప్పుడు సణగడం లేదు. అయితే కొన్ననాటి పట్టు అరిగాక ఉండదు కదా, అది కనిపెట్టుకోవలసింది మనమే. ఈసారి కారెక్కే ముందు ఒక్కసారి వంగి చూడండి. ఆ రెండు నిమిషాల్లో పొయ్యి మీద పప్పేమీ మాడిపోదు!