ఉక్కులో ఉబ్బు, నా దస్తఖత్

మా అబ్బా మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో బాయిలర్ వెల్డర్. రాడ్లు కాల్చి పొడిగా అయ్యాకే వాడేవారు. "తేమ రాడ్డుతో వేసిన అతుకు ఇవాళ బాగానే ఉంటుంది బేటా, రేపు పగులుతుంది" అనేవారు. ఆ తేమలోంచి హైడ్రోజన్ వచ్చి ఉక్కులోకి దూరుతుందని నాకు కాలేజీలో తెలిసింది.

ఇప్పుడు నా రోజీ ఆ హైడ్రోజన్‌తోనే. గల్ఫ్‌లో ఒక గ్యాస్ ప్లాంట్‌లో ఇన్‌స్పెక్టర్‌ని. తడి, హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసిన గ్యాస్ ఉక్కును కొరికినప్పుడు హైడ్రోజన్ పరమాణువులు పుడతాయి. అవి గోడలోకి జొరబడి, లోపల మలినాల దగ్గర జంట కడతాయి. జంట కట్టాక బయటికి దారి లేదు. ఒత్తిడి పెరిగి ప్లేటు బొబ్బలా ఉబ్బుతుంది.

మొన్న షట్‌డౌన్‌లో ఒక పాత వెసెల్‌ లోపల అలాంటి బొబ్బ కనిపించింది. గోడ మందం 22 మిల్లీమీటర్లు. బొబ్బ అంచుకీ దగ్గరి అతుకుకీ మధ్య 30. ఏపీఐ 579 మొదటి స్థాయి లెక్కలో ఆ దూరం మందానికి రెండింతలు, లేదా 25 మిల్లీమీటర్లు, వీటిలో ఏది ఎక్కువైతే దానికి మించి ఉండాలి. అంటే 44 దాటాలి. మొదటి మెట్టులోనే ఫెయిల్. ఫెయిలైతే తీసిపారేయమని కాదు. ఇంకా లోతుగా చూడమని.

"ఇన్నేళ్లు నడిచింది భాయ్, ఇంకో ఏడాది నడవదా? దస్తఖత్ పెట్టు" అన్నాడు మా సూపర్‌వైజర్. అతన్నీ తప్పు పట్టను, రోజు ఆగితే పైనుంచి సవాళ్లు అతనికే. కానీ అసలు ఖతర్నాక్ సంగతి బొబ్బ కాదు. చిన్న చిన్న చీలికలు మెట్లమెట్లుగా కలుసుకుంటూ మందానికి అడ్డంగా పాకడం. అతుకు దగ్గర గోడలో మిగిలే ఒత్తిడి ఆ పనికి తోడవుతుంది. కంటికేమీ కనపడదు.

అమెరికాలో అనకోర్టెస్ రిఫైనరీ గుర్తొచ్చింది. 2010 ఏప్రిల్ 2న అర్ధరాత్రి దాటాక హీట్ ఎక్స్‌ఛేంజర్ చీలి ఏడుగురు పోయారు. అక్కడిది వేరే రకం: అధిక వేడిలో హైడ్రోజన్ ఉక్కులోని కార్బన్‌తో కలిసి మీథేన్ అయ్యింది. ఆ ఉక్కుకు పర్వాలేదని నెల్సన్ గీత చెప్పిన హద్దు లోపలే అది జరిగిందని దర్యాప్తులో తేలింది. కాగితం మీద అంతా ఖైరియత్!

దస్తఖత్ పెట్టలేదు. ఏటవాలు అల్ట్రాసోనిక్‌తో అతుకు చుట్టూ చూడాలని రాశాను. రెండు రోజుల ఇంతెజార్. నా గురించి ఎవరేమన్నారో నాకు తెలుసు. చివరికి మెట్ల చీలికలు దొరికాయి. ఆ ముక్క కోసి కొత్త ప్లేటు వేయాలని తేల్చారు.

రాత్రి ఫోన్‌లో అబ్బాకి చెప్పాను. కొత్త ప్లేటు అతికేముందు పాత ఉక్కును గంటల కొద్దీ వేడిచేసి లోపలి హైడ్రోజన్‌ని వెళ్లగొడతారని వివరించాను. ఆయన నవ్వారు.

"అరె, అంత పెద్ద కంపెనీలో కూడా రాడ్లు కాల్చినట్టేగా!"